ఒక కారు, పాతిక సీసాలు

సన్యాసి కథ మనలో వినని వాళ్ళు ఉండరు. పాపం, ఆయనకున్న ఆస్తల్లా రెండు గోచీలు. వాటిని ఎలుకలు కొరికేస్తున్నాయని ఒక పిల్లిని తెచ్చి పెంచాడు. పిల్లికి పాలు కావాలి కదా అని ఆవును తోలుకొచ్చాడు. ఆవుకి మేత కావాలని పొలం సంపాదించాడు. ఇంత సంసారం ఒక్కడివల్ల ఎక్కడవుతుందని చివరికి పెళ్ళే చేసుకున్నాడు. ఎన్నాళ్ళకో పాత మిత్రుడొకడు వచ్చి, పిల్లలూ పశువులూ గాదెలూ చూసి, "ఇదంతా ఏమిటి స్వామీ?" అని నోరు వెళ్ళబెడితే, "అంతా కౌపీన సంరక్షణార్థమే నాయనా!" అన్నాట్ట.

ఇలాంటి సన్యాసులు మన దగ్గరే ఉన్నారనుకోకండి. ఫ్రాన్సు దేశంలో దిదెరో అని పేరుమోసిన రచయిత పద్ధెనిమిదో శతాబ్దంలో ఉండేవాడు. ఆయనకి ఒక ఎర్రని కొత్త అంగీ వచ్చింది. అది తొడుక్కుని కూర్చుంటే పాత బల్ల వెలవెలబోయింది. బల్ల మార్చాడు. కుర్చీ బాగాలేదనిపించింది. కుర్చీ మార్చాడు. తరవాత గోడకున్న తెరలు, పటాలు. ఆఖరికి, హాయిగా ఉన్న పాత అంగీని ఎందుకు వదులుకున్నానురా భగవంతుడా అని ఒక వ్యాసమే రాసుకున్నాడు. 1988లో గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఈ జబ్బుకి "దిదెరో ప్రభావం" అని నామకరణం చేశాడు. మన సన్యాసి పేరు పెట్టి ఉంటే ఇంకా బాగుండేది గాని, ఆయనకి పేరు లేదాయె!

ఆ సన్యాసి ఇప్పుడు మన మెదక్ పట్టణంలోనూ తిరుగుతున్నాడు. కొత్తగా కారు కొన్న ఇంటి అటక మీద చూడండి, కనిపిస్తాడు.

ఆదివారం పొద్దున్నే కారుని తానే కడుక్కుని, రుద్దుకుని, అద్దంలా మెరిపించుకునే సరదా ఒకటి ఈ మధ్య బాగా ప్రబలింది. డిటైలింగ్ అంటారు దాన్ని. కుర్రాళ్ళకే కాదు, స్టీరింగు పట్టిన ఆడపిల్లలకీ ఉంది. చెడ్డ సరదా అనను. పేకాట కన్నా వెయ్యిరెట్లు మేలు. కాని అది మొదలయ్యేది బకెట్టుతో కాదు, కొనుగోలుతో. ముందు ఒక షాంపూ. షాంపూకి ముందు నురగ చల్లాలట, అదొకటి. నురగ చల్లడానికి నీళ్ళు జోరుగా కొట్టే యంత్రం. తరవాత మట్టిముద్ద లాంటి క్లే బార్, గీతలు తీసే కాంపౌండు, దాని మీద పాలిష్, పాలిష్ మీద మైనం, మైనం మీద సెరామిక్ అని పేరున్న పిచికారీ. టైరుకొకటి, అద్దానికొకటి, డాష్‌బోర్డుకొకటి, సీట్లకొకటి. అంతా కౌపీన సంరక్షణార్థమే!

ఈ మెరుపు మీద మోజుకి వందేళ్ళు పైబడిన చరిత్ర ఉంది. అది కాస్త తెలుసుకుంటే సీసా కొనబోయే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందని నా ఆశ.

మోటారు కార్లు వచ్చిన కొత్తల్లో వాటికి గుర్రపు బగ్గీలకి వేసినట్టే కుంచెతో వార్నిష్ పూసేవారు. పూత మీద పూత, ఒక్కొక్కటి ఆరేదాకా ఆగడం, సానబెట్టడం, మళ్ళీ పూయడం. ఒక్క కారుకి రంగు పూర్తవడానికి వారాలు పట్టేది. దీపాలూ హారన్లూ ఇత్తడివి. మన ఇళ్ళల్లో ఇత్తడి బిందెల్ని చింతపండుతో తోమినట్టు, వాళ్ళూ రోజూ తోముకోవలసి వచ్చేది. 1905లో ఇంగ్లండులో పుట్టిన బ్రాసో ఇలాంటి ఇత్తడి సామాన్ల పుణ్యమా అనే లోకమంతా పాకింది. ఆ డబ్బా మన అమ్మమ్మలూ ఎరుగుదురు.

1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారు డ్యూకో అనే కొత్త రంగు తెచ్చారు. జనరల్ మోటార్స్‌వారి ఓక్‌లాండ్ కార్లకి ముందు వేశారు. వారాల తరబడి ఆరే పని గంటల్లోకి వచ్చింది. మన ఊళ్ళల్లో బీరువాలకీ కార్లకీ రంగులేసే షెడ్ల ముందు "డ్యూకో పెయింటింగ్" అని బోర్డు చూస్తుంటారే, ఆ మాట అక్కణ్ణించి వచ్చిందే. అయితే ఆ రంగుకి ఒక లోపం ఉంది. ఎండకీ వానకీ పైపొర మసకబారి, సున్నంలా తేలిపోతుంది. దాన్ని పాలిష్‌తో రుద్ది, మైనం పూసి కాపాడుకోవాలి. అంచేత పాలిష్ డబ్బాల వ్యాపారం పుంజుకుంది. మైనాల్లోకెల్లా మేలైంది ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే కర్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకు మీద పుట్టేది. మండుటెండల్లో తేమ పోకుండా ఆ చెట్టు తనకి తాను పూసుకునే పూత అది. చెట్టుకి పనికొచ్చింది కారుకీ పనికొచ్చింది.

అమ్మకం సంగతి కూడా చెప్పాలి. షికాగోలో బెన్ హిర్ష్ అని ఒకాయన, కొన్నాళ్ళు ఇంద్రజాలం చేసినవాడు, 1941లో ఇంట్లో స్నానాల తొట్టెలోనే కారు పాలిష్ కలిపి సీసాల్లో పోశాడు. కొనేవాళ్ళేరీ? కార్లు నిలిపే చోటికి వెళ్ళి, ఎవరిదో కారు ఒక్క మడ్‌గార్డు మాత్రం తళతళలాడేలా రుద్ది, యజమాని వచ్చేదాకా పక్కన నిలబడేవాడట. ఆయన వచ్చి చూస్తే ఏముంది? ఒక మూల అద్దం, మిగిలిందంతా బూడిద. అప్పటిదాకా బాగానే ఉన్న కారు ఉన్నట్టుండి అనాకారి అయిపోయింది! కొనక చస్తాడా? ఆ పాలిషే తరవాత టర్టిల్ వాక్స్ అన్న పేరుతో దేశదేశాలకీ వెళ్ళింది. నేడు ఫోనులో మనకి చూపించే వీడియోలన్నీ ఆ ఒక్క మడ్‌గార్డు కిటుకే. సగం బానెట్టు మురికి, సగం మెరుపు. మన కారుకి ఏం కావాలో అది చెప్పదు. మనకి లేనిదేదో చెబుతుంది.

ఇహ మన రాజ్యం సంగతి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఒకసారి తొడిగిన దుస్తులు మళ్ళీ తొడిగేవాడు కాదని ప్రతీతి. హైదరాబాదులో పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువా ఒక హాలంత పొడుగున ఇప్పటికీ ఉంది. ఆ ప్రభువు 1911లో ఇంగ్లండుకి ఒక రోల్స్ రాయిస్ కారు ఆర్డరిచ్చాడు. వెనక సీటు సింహాసనం మాదిరిగా ఎత్తుగా, పసుపుపచ్చని రంగు, వైభవమంతా పెట్టి చేయించిన బండి. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. అది దశాబ్దాల తరబడి తిరిగింది నాలుగు వందల మైళ్ళు కూడా లేదంటారు. అంటే మెదక్ నుంచి హైదరాబాదుకి మూడుసార్లు వెళ్ళొస్తే అయిపోయేంత! చాలాకాలం మూలనపడి ఉండి, మళ్ళీ బాగుచేయించుకుని, ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో జనం చూడ్డానికి నిలబడి ఉంది.

అదే ప్రభువు కాలంలో, 1905లో, మనకి దగ్గర్లో మంజీర మీద ఘనపురం ఆనకట్ట కట్టారు. దాని కాలువల్లో ఒకదాని పేరు మహబూబ్ నహర్. ఏడుపాయల జాతరకి వెళ్ళేవాళ్ళందరూ ఆ చుట్టుపక్కల మడులు చూసే ఉంటారు. ఆర్డరిచ్చిన కారులో ఆయన ఒక్కనాడూ కూర్చోలేదు. కాలువ మాత్రం ఇప్పటికీ పైరు తడుపుతోంది. రెండూ ఒక్క చేతి మీదుగా జరిగిన ఖర్చులే.

తరవాతి కాలంలో మన మధ్యతరగతి ఇళ్ళల్లో కారన్నది కలలో మాట. 1950ల చివర్లో మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్, దానికి తోడు ఫియట్. కావాలంటే ముందే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. ఆ కారుకి చేసే సేవ అంతా ఒక బకెట్టు, ఒక పాత ధోవతి ముక్క, పసుపురంగు మెత్తని గుడ్డ, పండక్కి ఒక మైనం డబ్బా. ఎక్కువ కొనాలన్నా అంగట్లో ఉంటేగా! ఆ కార్లు ఆ సేవతోనే పాతికేళ్ళు నడిచాయి.

ఆ కాలానికి తెరదించిన రోజు 1983 డిసెంబరు 14. మొదటి మారుతీ 800 తాళంచెవుల్ని ఢిల్లీలో హర్‌పాల్ సింగ్ అనే ఆయన చేతికి అందించింది అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ. ఆమె అప్పుడు పార్లమెంటులో ఏ నియోజకవర్గం సభ్యురాలో గుర్తుందా? మన మెదక్! 1980 ఎన్నికల్లో రాయ్‌బరేలీలోనూ ఇక్కడా గెలిచి, మెదక్‌నే ఉంచుకుంది. చిన్న సంసారానికి చిన్న కారు అన్న ముచ్చటని మన ఎం.పి. చేతి మీదుగానే దేశం అందుకుంది. 1991 తరవాత తలుపులు బార్లా తెరుచుకున్నాయి. కార్ల వెనకే సీసాలూ వచ్చాయి.

అయితే ఈలోగా కారు రంగే మారిపోయిందన్న సంగతి ఎవరూ చెప్పరు. 1980లలో వ్యాపించిన పద్ధతి ప్రకారం ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన గట్టిపొర ఉంటుంది. పాత డ్యూకోలాగా అది త్వరగా సున్నంలా తేలదు. వారం వారం పాలిష్ అక్కరలేదు. పైగా దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కన్నా పల్చన! కాంపౌండు అంటే మెత్తని ఇసుక లాంటి పదార్థం. గీత తీయడమంటే గీత చుట్టూ ఉన్న పొరని అరగదీయడమే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మిషను కొని ప్రతి ఆదివారం రుద్దితే, మెరుపు కోసం పోయి ఉన్న కవచం ఊడగొట్టుకున్నట్టు. అది పోతే సీసాతో రాదు, మళ్ళీ రంగు వేయించాల్సిందే. కనక ఎక్కువ కొనడం వల్ల నష్టం డబ్బొక్కటే అనుకోవద్దు. కొన్న వస్తువు చేతిలో ఉంటే ఎక్కడో అక్కడ వాడాలనిపించడం మనిషి నైజం.

మా వీధి చివరింట్లో ఒక అబ్బాయి ఉన్నాడు. బుద్ధిమంతుడు, కొత్తగా ఉద్యోగం. సెకండ్‌హాండ్ కారు కొన్నాడు. ఆర్నెల్లలో వాళ్ళ మెట్లకింద గూడు నిండిపోయింది. ఓసారి వాళ్ళమ్మ అన్నీ కిందకి దింపించి లెక్కపెడితే పాతిక సీసాలు తేలాయి. మూత తీసినవి ఏడు. షాంపూలే నాలుగు రకాలు, టైరు మెరుపుకి మూడు, సెరామిక్ పిచికారీలు మూడు. ఇనుప రజను తీసే ద్రవం ఒకటి. బ్రేకుల నుంచీ రైలుపట్టాల దగ్గరా ఎగిరే ఇనుప పొడికి అది మందు. మన ఊరికి రైలు వచ్చిందే 2022లో, స్టేషను వాళ్ళింటికి దగ్గర కూడా కాదు!

"చూడక్కా, కారు గడుగుడు నెలకొక్కసారి, సీసాలొచ్చుడు వారం వారం" అంది ఆవిడ నాతో.

పండక్కి ముందు కారుని మెకానిక్కుకి చూపిస్తే, అతను చుట్టూ తిరిగి టైర్ల దగ్గర ఆగాడట. టైరు పక్కలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. లోపల పళ్ళు అరిగి గుండు అయిపోయాయి. "అమ్మా, గీ రంగు పైసలు జమ జేస్తె రెండు టైర్లొస్తుండె గదమ్మా. నర్సాపూర్ అడివిల వాన పడ్డప్పుడు బ్రేకు గొడితె బండి ఆగాల్నా వద్దా?" అన్నాడట. టైరు గాళ్ళ మధ్య చిన్న చిన్న దిమ్మెలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందని, ఇక మార్చి తీరాలని అర్థం. వాననీళ్ళని పక్కకి తోసేవి ఆ గాళ్ళే. పైన పటారం లోన లొటారం అంటే ఇదే కదా. ఆ ఇంట్లో ఖర్చయింది డబ్బు మాత్రమే అయితే ఈ వ్యాసం రాయనక్కరలేకపోను. ఆ కారులో వెనక సీట్లో కూర్చునేది ఆవిడా, మనవరాలూ.

అబ్బాయిని తప్పు పట్టడం తేలికే. కాని కొత్త విద్య మీద సరదా పుట్టినప్పుడు కొనడం కూడా నేర్చుకోవడంలాగే అనిపిస్తుంది. కుట్టు మిషను కొన్న వారానికే నలభై రంగుల దారాలు, కేకుల పొయ్యి కొన్న వారానికే ఆరు ఆకారాల అచ్చులు కొన్న ఇళ్ళు మనకి తెలియవా? చేతికి పని రావడానికి నెలలు పడుతుంది. డబ్బు ఇవ్వడానికి నిమిషం చాలు. అందుకే మొదటిదానికి బదులు రెండోది చేస్తాం. పైగా ఆరు సీసాల పెట్టె కొంటే తగ్గింపట. అక్కరలేని నాలుగు సీసాలు సగం ధరకి వస్తే లాభం ఎక్కడ?

మరి నిజంగా ఏం కావాలి? ఇది వంటింటి లెక్కలాగే వేసుకోవచ్చు. కార్లకని చేసిన షాంపూ ఒకటి. గిన్నెల సబ్బు వద్దు, అది జిడ్డుతోపాటు మైనాన్నీ లాగేస్తుంది. బకెట్లు రెండు. ఒకదాంట్లో సబ్బునీళ్ళు, రెండోదాంట్లో మంచినీళ్ళు. తుడిచిన తొడుగుని ప్రతిసారీ మంచినీళ్ళలో జాడించి మళ్ళీ సబ్బులో ముంచాలి. ఇసుక రేణువు బకెట్టు అడుగునే ఉండిపోతుంది, కారు మీదికి రాదు. గీతలు పడేది ఆ రేణువు వల్లే గనక, ఈ రెండో బకెట్టు గీతలు తీసే సీసాలన్నిటి కన్నా గొప్పది. చేతికి మెత్తని తొడుగు ఒకటి. మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు. 1970లో జపానులో టోరే కంపెనీకి చెందిన ఒకామోటో అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన అతి సన్నని దారమే ఈ గుడ్డలకి మూలం. వాటిని బట్టలు మెత్తబరిచే ద్రవంలో మాత్రం ముంచకండి, పీల్చే గుణం పోతుంది. ఆఖరిగా ఒక మైనం డబ్బా. అంతే. అద్దాలకి తడిగుడ్డ, పొడిగుడ్డ చాలు.

ఎన్నాళ్ళొస్తుందో కూడా చూద్దాం. అర లీటరు షాంపూ ఉందనుకోండి. బకెట్టుకి ముప్ఫై మిల్లీలీటర్లు వేస్తే పదహారుసార్లు కడగొచ్చు. పదిహేను రోజులకోసారి కడిగితే ఎనిమిది నెలలు. మైనం డబ్బా రెండు వందల గ్రాములు. ఒక పూతకి పదిహేను గ్రాములు పట్టినా పదమూడు పూతలు. మూడు నెలలకోసారి పూస్తే మూడేళ్ళు దాటుతుంది! మూడు డబ్బాలున్న ఇంట్లో పదేళ్ళ మైనం ఉందన్నమాట. ఈలోగా అది ఎండి బీటలు వారుతుంది. గట్టిపడే సెరామిక్ పూతలైతే ఒకసారి మూత తీశాక గాలిలో తేమకి సీసాలోనే గడ్డకడతాయి.

మన ఊరి ఎండకీ బోరునీళ్ళకీ డబ్బు పెట్టక్కర్లేని వైద్యం ఉంది. పొద్దున్నే నీడలో కడిగి, నీళ్ళు ఆరకముందే తుడిచేస్తే తెల్ల మచ్చలు పడవు. పిట్టరెట్ట కనబడిన రోజే తడిగుడ్డ వేసి నానబెట్టి తీసేయాలి. దసరాకి బానెట్టు మీద పెట్టిన పసుపూ కుంకుమా మర్నాడే కడిగేస్తే అమ్మవారేమీ అనుకోదు. వారాల తరబడి ఎండలో ఉంచితే మరక మాత్రం ఉండిపోతుంది. నిజంగానే గీతలెక్కువై మిషను పట్టాల్సివస్తే, తెలిసినవాడి దగ్గర ఒకసారి చేయించుకోవడం మిషను కొనడం కన్నా చవక. అతను ఎలా పడుతున్నాడో పక్కన నిలబడి చూస్తే విద్యా వస్తుంది.

ఒకేసారి అన్నీ ఉండాలన్న ఆత్రం ఎక్కణ్ణించి వచ్చిందో గాని, మన ఊరి గొప్ప కట్టడం అలా తయారు కాలేదు. మెదక్ చర్చిని పాస్నెట్ దొరగారు 1914లో మొదలుపెట్టి, కరువురోజుల్లో ఆకలిగొన్నవాళ్ళకి పనీ అన్నమూ కల్పిస్తూ పదేళ్ళు కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రారంభించారు. లోపలికి వెళితే అందరమూ తలెత్తి చూసేది ఆ మూడు రంగుటద్దాల కిటికీలనే. అవి మొదటిరోజునుంచీ ఉన్నాయనుకుంటాం. కాదు. ఏసు స్వర్గారోహణం కిటికీ 1927లో, పుట్టుక కిటికీ 1947లో, శిలువ కిటికీ 1958లో వచ్చాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఇరవయ్యేళ్ళు, పదకొండేళ్ళు. ఈలోగా ప్రార్థనలు ఆగలేదు. చర్చికి వచ్చినవాళ్ళెవరూ లోటు పడలేదు.

మా వీధి చివరావిడ కూడా ఒక పద్ధతి పెట్టింది. ముందు నాలుగు టైర్లూ మార్పించింది. మూత తీయని సీసాల్లో కొన్నిటిని కార్లున్న బంధువులకి పంచింది. ఇంట్లో ఉప్పు, పప్పు, నూనె ఎప్పుడు తెచ్చుకుంటామో అదే లెక్క కారుకీ. ఖాళీ సీసా తెచ్చి చూపిస్తేనే కొత్త సీసాకి డబ్బు. అబ్బాయి మొదట ముఖం మాడ్చుకున్నా, ఇప్పుడు రెండు బకెట్లు పెట్టుకుని పదిహేను రోజులకోసారి శుభ్రంగా కడుగుతున్నాడు. కారు మునుపటికన్నా మెరుస్తోందనే చెప్పాలి.

మెతుకు సీమ అని పేరున్న ఊరు మనది. ఎంతమందికి ఎంత ఎసరు పెట్టాలో ఇక్కడి ఆడవాళ్ళకి ఒకరు నేర్పాలా? ఆ లెక్క వంటింటి గడప దాటి కారు షెడ్డు దాకా వెళ్ళనిస్తే చాలు.